పాల ధరకు కొలమానం వెన్న శాతం - గోదావరి డెల్టాలో గెర్బర్ పరీక్ష, సెంట్రిఫ్యూజ్ యంత్రం ప్రాధాన్యత

(ప్రత్యేక వ్యాసం)

రాజమహేంద్రవరం: గోదావరి డెల్టాలో వరి సాగు తరువాత గ్రామీణ కుటుంబాలకు ఆదరువుగా నిలుస్తున్న వాటిలో పాడి ముఖ్యమైనది. పంట సొమ్ము కోతలైన తరువాతగాని చేతికందదు. పాల సొమ్ము సాధారణంగా పది, పదిహేను రోజులకొకసారి అందుతుంది. కౌలు రైతులకు, భూమి లేని వ్యవసాయ కూలీలకు, పాడి పశువుల పోషణ భారాన్ని వహిస్తున్న మహిళలకు ఈ సొమ్మే ఇంటి ఖర్చులకు ఆధారం. ఆ సొమ్ము ఎంత అనేది పాల పరిమాణంతో పాటు వాటిలోని వెన్న శాతంపై ఆధారపడి ఉంటుంది. వెన్న శాతాన్ని నిర్ధారించే పరీక్షలో సెంట్రిఫ్యూజ్ యంత్రానిది కీలక స్థానం. యంత్రం వేగం, ఆమ్లం గాఢత, రీడింగు చూసే తీరు - ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా రైతుకో, డెయిరీకో నష్టం తప్పదు.

డెల్టాలో పాడి నేపథ్యం

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 - 1852 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం జరిగిన తరువాత డెల్టాలో వరి సాగు విస్తరించింది. వరిగడ్డి, తౌడు, కాలువ గట్లపై పచ్చిమేత అందుబాటులో ఉండటంతో గేదెల పెంపకానికి ఈ ప్రాంతం అనువైనదిగా రూపొందింది. స్థానిక గేదెలను ముర్రా జాతితో సంకరపరచగా ఏర్పడినవి గోదావరి గేదెలుగా ప్రసిద్ధి చెందాయి. ఒకనాటి ఉభయ గోదావరి జిల్లాలు 2022 ఏప్రిల్ 4న పునర్వ్యవస్థీకరణకు లోనై తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, కోనసీమ, ఏలూరు తదితర జిల్లాలుగా ఏర్పడ్డాయి.

రాష్ట్రంలో పాల సేకరణ నిమిత్తం 1974లో పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, 1981లో ఆనంద్ తరహాలో పాడి పరిశ్రమాభివృద్ధి సహకార సమాఖ్య ఏర్పాటయ్యాయి. 1991 తరువాత సరళీకరణ విధానాల ఫలితంగా ప్రైవేటు డెయిరీలు ఈ రంగంలో ప్రవేశించాయి. సేకరించే సంస్థ ఏదైనప్పటికీ వెన్న శాతం ప్రాతిపదికన ధర చెల్లించే పద్ధతి కొనసాగుతున్నది.

లాక్టోమీటరు ఒక్కటే చాలదు

పాల సాంద్రతను లాక్టోమీటరు తెలియజేస్తుంది. నీరు కలిపితే సాంద్రత తగ్గుతుంది. మీగడ తీస్తే సాంద్రత పెరుగుతుంది. ఈ రెండు పనులూ ఒకేసారి చేసినట్లయితే లాక్టోమీటరు మామూలు అంకెనే చూపే అవకాశమున్నది. అందువలన వెన్నను విడిగా కొలవవలసిన అవసరం ఏర్పడింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో స్టీఫెన్ బాబ్‌కాక్ 1890లో ఒక పరీక్షను రూపొందించగా, మరుసటి సంవత్సరం స్విట్జర్లాండ్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త నిక్లాస్ గెర్బర్ తన పద్ధతిని వెలువరించారు. భారతదేశంలో గెర్బర్ పద్ధతి స్థిరపడింది. పరీక్షా విధానాన్ని ఐ.ఎస్. 1224, పరికరాల ప్రమాణాలను ఐ.ఎస్. 1223 నిర్దేశిస్తున్నాయి.

పరీక్షా విధానం

బ్యూటిరోమీటర్ అనే గాజు గొట్టంలో ముందుగా 10 మి.లీ. గంధకామ్లం పోస్తారు. దానిపై 10.75 మి.లీ. పాలను గొట్టం అంచు వెంబడి నెమ్మదిగా జారవిడిచి, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాల్ చేర్చి రబ్బరు బిరడా బిగిస్తారు. విరుగు పూర్తిగా కరిగే వరకు గొట్టాన్ని కుదుపుతారు. గంధకామ్లం పాలలోని మాంసకృత్తులను కరిగించి, వెన్న రేణువులను విడుదల చేస్తుంది. ఆ చర్యలో వెలువడే వేడి వెన్నను ద్రవరూపంలో ఉంచుతుంది. ఎమైల్ ఆల్కహాల్ వెన్న, ఆమ్లం పొరలు స్పష్టంగా విడిపోవడానికి తోడ్పడుతుంది.

అనంతరం గొట్టాలను సెంట్రిఫ్యూజ్‌లో అమర్చి నిమిషానికి సుమారు 1,100 చుట్ల వేగంతో నాలుగైదు నిమిషాలు తిప్పుతారు. బరువైన ఆమ్ల ద్రవం వెలుపలి వైపునకు, తేలికైన వెన్న లోపలి వైపున ఉన్న స్కేలు భాగంలోకి చేరుతాయి. ఆపై 65 డిగ్రీల సెంటీగ్రేడు నీటిలో కొద్దిసేపు ఉంచి రీడింగు తీసుకుంటారు. స్కేలుపై ఒక శాతం అంటే 0.125 మి.లీ. మాత్రమే.

వేగం తగ్గితే జరిగేది

సెంట్రిఫ్యూజ్ కలిగించే బలం వేగం వర్గాన్ని అనుసరించి మారుతుంది. 25 సెంటీమీటర్ల వ్యాసార్థం గల యంత్రం 1,100 చుట్ల వేగంతో తిరిగినపుడు గురుత్వ బలానికి దాదాపు 340 రెట్ల బలం కలుగుతుంది. వేగం 900 చుట్లకు తగ్గినపుడు అది 226 రెట్లకు పడిపోతుంది. అంటే వేగంలో తగ్గుదల ఐదవ వంతు కంటే తక్కువే అయినా, బలంలో తగ్గుదల మూడవ వంతు. ఫలితంగా వెన్న పూర్తిగా విడిపోక రీడింగు తక్కువగా నమోదయ్యే ప్రమాదమున్నది. విద్యుత్ వోల్టేజి తగ్గినపుడు, బేరింగులు అరిగినపుడు, చేతితో తిప్పే యంత్రాన్ని తగినంత వేగంతో తిప్పనపుడు ఈ పరిస్థితి తలెత్తుతుంది.

అర శాతం విలువ

ఉదాహరణకు ఒక రైతు పూటకు 5 కిలోల పాలు పోస్తున్నారని, కిలో వెన్నకు 800 రూపాయల ధర నిర్ణయించారని అనుకుందాము. వెన్న 7 శాతమైతే ఆ పాలలో 350 గ్రాముల వెన్న ఉన్నట్లు లెక్క. దానిని 6.5 శాతంగా నమోదు చేస్తే 325 గ్రాములకే ధర లభిస్తుంది. తేడా 25 గ్రాములు, అంటే పూటకు 20 రూపాయలు. రెండు పూటలకు 40 రూపాయల చొప్పున నెలకు 1,200 రూపాయలు. ఒకటి రెండు గేదెలున్న కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. రీడింగు ఎక్కువగా నమోదైతే ఇదే నష్టం డెయిరీపై పడుతుంది.

సాధారణంగా కనిపించే లోపాలు

గంధకామ్లం గాఢత బరువు ప్రకారం 90 - 91 శాతం ఉండాలి. గాఢత మించితే వెన్న మాడి, నల్లని నలుసులు కనిపిస్తాయి. గాఢత తగ్గితే మాంసకృత్తులు కరగక వెన్న కింద తెల్లని తరకలు నిలుస్తాయి. రెండు సందర్భాలలోనూ ఆ రీడింగును పరిగణనలోకి తీసుకోక పరీక్షను తిరిగి చేయాలి. క్యానులో పైకి తేలిన మీగడను కలియబెట్టకుండా నమూనా తీయడం మరొక పొరపాటు. పై భాగం నుంచి తీస్తే వెన్న ఎక్కువగాను, అడుగు నుంచి తీస్తే తక్కువగాను వస్తుంది.

ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చిన తరువాత

ప్రస్తుతం అనేక సేకరణ కేంద్రాలలో ఎలక్ట్రానిక్ పాల పరీక్షా యంత్రాలు వాడుకలో ఉన్నాయి. అతిధ్వని తరంగాలతో పనిచేసే యంత్రాలు ఆమ్లం అవసరం లేకుండా కొద్ది సమయంలోనే వెన్న, ఇతర ఘన పదార్థాల శాతాన్ని చూపి రశీదు ఇస్తున్నాయి. అయితే ఈ యంత్రాలను సరిచూడటానికి ప్రామాణిక పరీక్ష తప్పనిసరి. ఆవు పాలకు సరిచేసిన యంత్రంలో గేదె పాలు పరీక్షిస్తే అంకెలు తేడా రావచ్చు. కావున ఎలక్ట్రానిక్ యంత్రం ఉన్నచోట కూడా గెర్బర్ పరికరాల అవసరం తీరిపోలేదు. వివాదం తలెత్తినపుడు అదే నమూనాను గెర్బర్ పద్ధతిలో పరీక్షించి చూడవచ్చు.

తనిఖీలో గమనించవలసిన అంశాలు

1. సెంట్రిఫ్యూజ్ వేగాన్ని టాకోమీటరుతో నిర్ణీత వ్యవధిలో కొలిచి రిజిస్టరులో నమోదు చేయాలి.

2. గొట్టాలను ఎదురెదురుగా, సమతూకంగా అమర్చాలి. సరి సంఖ్య లేనపుడు నీరు నింపిన గొట్టంతో సమతూకం చేయాలి. మూత వేయకుండా యంత్రాన్ని నడపరాదు.

3. బ్యూటిరోమీటర్లు, పిపెట్లు ప్రమాణాలకు అనుగుణంగా ఉండాలి. స్కేలు చెరిగిపోయిన గొట్టాలను తొలగించాలి.

4. ఆమ్లం పలుచన చేసేటపుడు నీటిలో ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి తప్ప ఆమ్లంలో నీరు పోయరాదు. సిబ్బందికి కళ్లద్దాలు, చేతి తొడుగులు సమకూర్చాలి.

5. స్కేలును కంటికి సమాన ఎత్తులో ఉంచి రీడింగు చూడాలి. కోరిన రైతుకు గొట్టంలోని వెన్న మట్టాన్ని చూపి, అదే అంకెను పాస్ పుస్తకంలో నమోదు చేయాలి.

పాల సేకరణలో రైతుల రక్షణ, కొలతల ఖచ్చితత్వం లక్ష్యాలుగా రాష్ట్రంలో 2023లో ప్రత్యేక చట్టం రూపొందింది. తూకంలోనే కాక వెన్న పరీక్షలోనూ ఖచ్చితత్వం ఉన్నపుడే మేలైన మేతకు, దాణాకు వెచ్చించిన సొమ్ముకు రైతుకు తగిన ప్రతిఫలం దక్కుతుంది. ఈ దిశగా సేకరణ కేంద్రాలలోని సెంట్రిఫ్యూజ్ యంత్రాలను, పరీక్షా పరికరాలను క్రమం తప్పక తనిఖీ చేయవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.