ఎఱ్ఱ కాగితము

క్రీ.శ. 1757వ సంవత్సరమున వంగదేశమందు ఒకే యొడంబడికకు రెండు పత్రములు పుట్టినవి. తెల్ల కాగితముపై వ్రాయబడినది నిజమైనది. ఎఱ్ఱ కాగితముపై వ్రాయబడినది కల్ల. నవాబగు సిరాజుద్దౌలాను పదభ్రష్టుని జేసి మీర్ జాఫరును గద్దె నెక్కించుటకై ఇంగ్లీషు కుంపిణీవారు పన్నిన కుట్రకు ఓమీచందను కలకత్తా వర్తకుడు మధ్యవర్తిగా నుండెను. తన భాగమును ఒడంబడికయందు చేర్పనిచో రహస్యము నవాబునకు దెలుపుదునని యాతడు బెదరించెను. ఓమీచందు సాధువని యెవరును చెప్పజాలరు. అయినను లోభికి చేసిన మోసమును మోసమే.

అతనికి 20 లక్షల రూపాయల నిచ్చెదమను నియమము ఎఱ్ఱ పత్రమునందు మాత్రమే చేర్పబడినది. నౌకాసేనాధిపతియగు వాట్సను తెల్లదానిపై చేవ్రాలు చేసెను గాని ఎఱ్ఱదానిపై చేయ నొల్లడయ్యెను. ఆ చేవ్రాలు లేకున్న వర్తకుడు సంశయించును. అందుచే క్లైవు ఆజ్ఞ చొప్పున లషింగ్టనను నాతడు వాట్సను పేరు వ్రాసెను. తాను సంతకము చేయకున్నను ఒరులు చేయుటకు వాట్సను అడ్డు చెప్పలేదని క్లైవు తరువాత వాదించెను. వాట్సను 1757 ఆగస్టులోనే కలకత్తాయందు మృతినొందెను గావున ఆ మాటకు బదులు చెప్పువాడు లేకపోయెను. స్వహస్తముతో వ్రాయుటకు మనస్సొప్పనివాడు పరహస్తముతో వ్రాయించుట కొప్పుకొనెననుట నమ్మ శక్యము కాదు. ఒకవేళ నమ్మినను, దానివలన వాట్సను దోషము పెరుగునే కాని క్లైవు దోషము తగ్గదు.

జూను 23వ తేదీని ప్లాసీ యుద్ధము జరిగెను. వారము గడచిన పిదప ముర్షీదాబాదున జగత్ సేఠు గృహమందు తెల్ల పత్రము చదువబడెను. ఎఱ్ఱ కాగితము వట్టి మాయయనియు, అతనికి రావలసిన దేమియు లేదనియు స్క్రాఫ్టను హిందూస్థానీలో ఓమీచందునకు దెలిపెను.

ఆ మాట విని యాతడు మూర్ఛిల్లెననియు, పిమ్మట మతి చెడి మరణించెననియు సమకాలికుడగు ఆర్ము వ్రాసెను. 1840లో మెకాలే క్లైవు చేసిన పనిని తీవ్రముగా ఖండించుచునే ఈ కథను మఱింత రక్తి కట్టించెను. కాని కథ నిలువదు. ఆ యేటి ఆగస్టులోనే క్లైవు స్వదేశమునందలి కుంపిణీ పెద్దలకు వ్రాసిన లేఖలో, ఓమీచందు పనికివచ్చువాడనియు బొత్తిగా విడిచిపెట్టదగిన వాడు కాడనియు చెప్పియున్నాడు. పిచ్చివానిని గూర్చి ఎవరును ఇట్లు వ్రాయరు. 1758లో మరణించిన ఓమీచందు ఆస్తినుండి లండను నగరమందలి అనాథ శిశుశాలకు సైతము కొంత ధనము చేరినది. ఈ పిచ్చికథను విడిచినను, క్లైవు నేరమునకు గల సాక్ష్యములో వీసమైనను తగ్గదు. ఏలయన ఆ సాక్ష్య మిచ్చినవాడు క్లైవే.

1772, 1773 సంవత్సరములలో కామన్సు సభవారు జరిపిన విచారణయందు అతడు కల్లపత్రమును దాచలేదు. అట్టి సందర్భమున అది తగిన పనియే యనియు, అవసరమైన నూరుమారులు మరల చేయుదుననియు వాఙ్మూల మిచ్చెను. దాచిన కపటమును శిక్షింపవచ్చును. నిండుసభలో ఒప్పుకొని న్యాయమనిన కపటమును సభవారు ఏమి చేసిరి? క్లైవు 2,34,000 పౌనులు పొందెనని 1773 మే నెలలో తీర్మానించిరి. అతడు దేశమునకు గొప్ప సేవ చేసెననియు వెంటనే తీర్మానించిరి. ఎఱ్ఱ కాగితమును గూర్చియు, దానిపై నిలిచిన వాట్సను పేరును గూర్చియు ఆ తీర్మానములలో ఒక్క మాటయు లేదు.