సంపాదకత్వం నుండి సాంఘిక చరిత్రకు: సురవరం ప్రతాపరెడ్డి కృషి

వేషభూషలు, భోజన పదార్థాలు, పండుగలు, వినోదాలు నేటి పత్రికలలో ‘జీవనశైలి’ పుటలకు చెందిన విషయాలు. సాహిత్య పరిశోధనలో వీటిని తేలిక విషయాలుగా పరిగణించడం పరిపాటి. అయితే వీటినే చరిత్ర రచనకు ప్రధాన సామగ్రిగా స్వీకరించినవాడు పాలమూరు ప్రాంతానికి చెందిన ఒక పత్రికా సంపాదకుడు. సురవరం ప్రతాపరెడ్డి (1896-1953) సంపాదక జీవితానికీ, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కూ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నిజాం రాష్ట్రంలో పాలనా భాష ఉర్దూ. అటువంటి పరిస్థితులలోనూ దక్షిణ తెలంగాణ తెలుగు పత్రికలకు స్థానం కల్పించింది. 1913లో మహబూబ్‌నగర్ నుండి ‘హితబోధిని’, 1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వెంకట రామనరసింహారావు సంపాదకత్వంలో ‘నీలగిరి’ వెలువడ్డాయి. న్యాయశాస్త్రం చదివిన ప్రతాపరెడ్డి హైదరాబాదులో రెడ్డి వసతిగృహ నిర్వహణ బాధ్యతలు వహిస్తూ, 1926లో ‘గోలకొండ పత్రిక’ను అర్ధవార పత్రికగా ప్రారంభించాడు. పత్రికకు రాజధాని ఆధారం. రచనకు జిల్లాల జీవితం ఆధారం.

ఆయన సంపాదకత్వ స్వభావం ‘గోలకొండ కవుల సంచిక’ (1934)లో స్పష్టమవుతుంది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు ఆయన వాదంతో గాక సేకరణతో సమాధానమిచ్చాడు. 354 మంది కవుల రచనలను, వివరాలను ఒకచోట చేర్చాడు. చెదరివున్న సాక్ష్యాన్ని కూర్చి, దానిచేతనే మాట్లాడించడం ఇక్కడి పద్ధతి. ‘హిందువుల పండుగలు’ గ్రంథంలో ఈ దృష్టి నిత్యజీవిత ఆచారాలవైపు మళ్లింది.

1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఈ పద్ధతికి పరిణత రూపం. రాజుల యుద్ధాలకు బదులు ప్రజల ఉడుపులు, నగలు, వంటకాలు, ఆటలు, నమ్మకాలు ఇందులో ప్రధానమయ్యాయి. ఓరుగల్లు వీధులను చూపే ‘క్రీడాభిరామం’ వంటి కావ్యాలు రసాస్వాదనకే గాక సాక్ష్యానికీ పనికివచ్చాయి. ప్రాచీన కావ్యాలలోని వస్తువుల పేర్లకు నిఘంటువులు తరచు ‘భక్ష్యవిశేషం’, ‘క్రీడావిశేషం’ అని మాత్రమే అర్థం చెప్పడం ఆయనను తృప్తిపరచలేదు. ఆ పదాలకు అర్థం వెతకడంలో తెలంగాణ జనవ్యవహారాన్ని కూడా ఆధారం చేసుకున్నాడు. మాండలికమని పక్కన పెట్టిన మాట ఈ విధంగా చరిత్రకు ఆధారమైంది.

ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. కావ్యవర్ణనలో కవిసమయమెంత, కంటితో చూసినదెంత అన్న ప్రశ్న ప్రతిచోటా ఎదురవుతుంది. కావ్యకర్తలు అధికంగా విద్యావంతులైన పురుషులు కావడంవల్ల శ్రామిక కులాల, స్త్రీల నిత్యజీవితం వారి దృష్టికి అందినంత మేరకే కనబడుతుంది. ప్రజల వాడుకను కావ్యం పక్కన నిలపడం ఈ లోటును కొంత తగ్గించగలదే గాని పూర్తిగా తీర్చలేదు.

ప్రతాపరెడ్డి మరణానంతరం, 1955లో, ఈ గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. గ్రంథకర్తగా ఆయన పొందిన గౌరవంలో సంపాదకుడిగా ఆయన చేసిన సాధన మరుగున పడరాదు. కట్టు, బొట్టు, తిండి గురించిన రాతలు సాక్ష్యంగా నిలవగలవని ఆయన కృషి నిరూపించింది. తెలుగు పత్రికల జీవనశైలి పుటలను కూడా అదే శ్రద్ధతో భద్రపరచి పరిశీలించినప్పుడే రేపటి సాంఘిక చరిత్రకు ఆధారాలు మిగులుతాయి.