కాగితం లేని పులిట్జర్

పులిట్జర్ బహుమతులు 1917లో మొదలయ్యాయి. తొంభై ఏళ్లపాటు పత్రిక అంటే కాగితమే. వెబ్‌లో మాత్రమే నడిచే వార్తాసంస్థలకు తలుపు తీసింది 2008 డిసెంబరులో.

2010లో ప్రోపబ్లికా గెలిచింది. కాకపోతే కత్రినా తుఫానులో చిక్కుకున్న ఆసుపత్రి మీద రాసిన ఆ కథనం న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లోనూ అచ్చయింది, కాబట్టి సగం గెలుపే అంటాను. 2011లో వాల్‌స్ట్రీట్ మీద అదే సంస్థ రాసినవి మాత్రం అచ్చు మొహం చూడలేదు. జాతీయ వార్తల విభాగంలో బహుమతి వాటికే. 2012లో అదే విభాగంలో హఫింగ్టన్ పోస్ట్. దాని వెనక ఏఓఎల్ డబ్బుంది, అందులో పెద్ద వింతేం లేదు.

అసలు కథ 2013ది. ఇన్‌సైడ్ క్లైమేట్ న్యూస్‌లో పూర్తికాలం పనిచేసేది ఏడుగురే. న్యూస్‌రూమ్ కూడా లేదు, ఎవరింట్లో వాళ్లు కూర్చుని రాసేవాళ్లు. వాళ్లు పట్టుకున్నది పాత వార్త: 2010 జులైలో మిషిగన్‌లో ఎన్‌బ్రిడ్జ్ పైపు పగిలి కలమజూ నది పాలైన చమురు. అలారాలు మోగుతున్నా కంట్రోల్ రూమ్‌లో సంగతి అర్థంకాక పంపులు రెండుసార్లు మళ్లీ నడిపారు. లీకు సంగతి తేలేసరికి 17 గంటలు. దేశం దృష్టంతా మెక్సికో సింధుశాఖలో పేలిన బీపీ బావి మీదే ఉంది, ఈ నదిని పట్టించుకున్నదెవరు? ముగ్గురు విలేకరులు మాత్రం ఆ చమురు ఏ రకమని అడిగారు. అది డిల్‌బిట్, అంటే పలచన చేసిన తారులాంటి బిట్యుమెన్. మామూలు చమురులా తేలి ఊరుకోదు, మునుగుతుంది. బహుమతి ప్రకటించేనాటికి కూడా నది అడుగు నుంచి దాన్ని తోడడం పూర్తికాలేదు.