నూటపన్నెండు పౌన్ల గీత

బళ్లారి నుంచి హోసపేట దారిలో తోరణగల్లు వస్తుంది. స్టీలు ఫ్యాక్టరీ ఊరు. అక్కడి ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లో 2021 సెప్టెంబరులో మగవాళ్ల జాతీయ బాక్సింగ్ పోటీలు జరిగాయి. తూకం తరగతులు పదమూడుకు పెరిగాక మన దేశంలో జరిగిన మొదటి జాతీయ పోటీలవి. ఫ్లైవెయిట్ హద్దు 51 కిలోలు. ఆ హద్దుకు వందేళ్లు దాటిన చరిత్ర ఉంది.

1909లో లండన్‌లోని నేషనల్ స్పోర్టింగ్ క్లబ్ బాక్సర్లను ఎనిమిది తరగతులుగా విడదీసింది. అన్నిటికంటే కిందిది ఫ్లైవెయిట్: 112 పౌన్లు, అంటే 50.8 కిలోలు. బక్కపలచటివాడు తన ఈడూ జోడూ అయినవాడితో తలపడి ఛాంపియన్ అనిపించుకునే దారి అలా పడింది.

ఆ తరగతికి పేరు తెచ్చినవాడు జిమ్మీ వైల్డ్. 1892లో వేల్స్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే బొగ్గుగనిలో దిగాడు. పెద్దవాళ్లు పట్టని ఇరుకు సందుల్లో దూరి బొగ్గు తవ్వడానికి ఆ చిన్న ఒళ్లే పనికొచ్చింది. తర్వాత జాతరల్లో జాక్ స్కారట్ నడిపే బాక్సింగ్ గుడారం చేరాడు. జనంలోంచి బరిలోకి వచ్చేవాడు ఎంత లావుంటే అంత. తూకం అడిగేవాడు లేడు. ఈయనేమో 45 కిలోల మనిషి. చేతులు నడుము దగ్గరే ఉంచి, ఒళ్లంతా ఊగుతూ, ఎదుటివాడి దెబ్బ తప్పించుకున్న క్షణంలోనే కొట్టేవాడు. ‘చేతిలో సుత్తి పట్టిన దెయ్యం’ అన్నారు జనం.

1916 డిసెంబరు 18న లండన్‌లో యంగ్ జూలూ కిడ్‌ను పదకొండో రౌండ్‌లో పడగొట్టి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ కిరీటం ఆరేళ్లకు పైగా ఆయనదే.

నన్ను కలవరపెట్టేది 1923 జూన్ 18. రెండేళ్లకు పైగా బరి దిగని వైల్డ్, 31 ఏళ్ల వయసులో, న్యూయార్క్‌లో ఫిలిప్పీన్స్ కుర్రాడు పాంచో విల్లా ముందు నిలబడ్డాడు. ఏడో రౌండ్‌లో బోర్లా పడ్డాడు. మళ్లీ గ్లవ్స్ తొడగలేదు. విల్లా ఆసియా నుంచి వచ్చిన మొదటి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు గానీ, పన్ను దగ్గర మొదలైన ఇన్ఫెక్షన్‌తో 1925లో, 23 ఏళ్లకే పోయాడు.

నా మట్టుకు 1909 నాటి గీత సగం న్యాయమే చేసింది. ఆ గీతకు కూడా వైల్డ్ ఐదారు కిలోలు తక్కువే. ఆ తేడాను ఆయన జీవితాంతం దెబ్బల్లో భరించాడు. ఆయన ఒంటికి సరిపడే 48 కిలోల తరగతి ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1968లో. మరుసటి మార్చిలోనే వైల్డ్ కన్నుమూశాడు. తోరణగల్లులో మాత్రం 48, 51 రెండూ ఉన్నాయి.

ఆడపిల్లలకు ఒలింపిక్స్ బాక్సింగ్‌లో చోటు దొరకడానికి 2012 దాకా ఆగాల్సి వచ్చింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల ఫ్లైవెయిట్‌లో ప్రపంచ స్వర్ణం గెలిచింది. కానీ పారిస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు 52 లేదు. 50 తర్వాత 54. అందుకే ఆమె ఒళ్లు తగ్గించుకుని 50కి దిగింది. 2022లోనే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో ఆ తూకంలో స్వర్ణం, 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ స్వర్ణం. 2024లో పారిస్‌లో ఆమె ఓడింది చైనా బాక్సర్ వు యు చేతిలో. ఆ తరగతి స్వర్ణం చివరికి వు యుదే.