పేరా మొత్తం చూసి విరిచిన వరుస

1977లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ చేతికి ఆయన సొంత పుస్తకం ప్రూఫులు వచ్చాయి. 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' రెండో సంపుటికి కొత్త కూర్పు అది. మొదటి కూర్పు సీసపు అచ్చుతో వెలువడితే, దీన్ని ఫొటో పద్ధతిలో కూర్చారు. ఆ అక్షరాల తీరు క్నూత్‌కు ఏమాత్రం నచ్చలేదు. అచ్చుకూర్పు చేసే ప్రోగ్రామును తానే రాయడానికి పూనుకున్నారు. అదే టెక్. పేరాను వరుసలుగా విరవడం దాని పనుల్లో ఒకటి.

అంతకు ముందు కంప్యూటరులో వరుస పొడవును నిర్ణయించింది చిల్లుల కార్డు. 1928 నాటి ఐబీఎం కార్డుకు 80 నిలువు గడులు. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ ప్రోగ్రామింగ్ భాషలో వాక్యానికి 72వ గడి దాటి చోటు లేదు. వాక్యం మిగిలితే తర్వాతి కార్డు ఆరో గడిలో గుర్తు పెట్టి కొనసాగించేవారు. ఎక్కడ విరవాలో తేల్చుకునేది మనిషే.

ఆ పని యంత్రానికి అప్పగిస్తే తోచే మొదటి దారి సులువైనదే: పట్టినన్ని మాటలు ఈ వరుసలో, మిగిలినవి కింద. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో వరుసలు విరిచే టెక్స్ట్‌ర్యాప్ నేటికీ చేసేది ఇదే. అయితే పై వరుస నిండితే చాలనుకునే ఈ పద్ధతిలో కింది వరుస వెలితిపడవచ్చు. రెండు అంచులూ సమంగా ఉండాల్సిన పుస్తకంలో ఆ వెలితి మాటల మధ్య పెద్ద ఖాళీలుగా కనిపిస్తుంది.

క్నూత్, ఆయన విద్యార్థి మైకేల్ ప్లాస్ ఈ చిక్కును అందంగా విప్పారు. ప్రతి వరుసకూ దాని బిగువు, వదులును బట్టి తప్పు మార్కులు వేసి, పేరా మొత్తం మీద వాటిని తగ్గించారు. మూడో వరుస బాగుపడుతుందంటే మొదటి వరుస ఒక మాట ముందే ఆగవచ్చు. 20 ఖాళీలుంటేనే విరిచే తీరులు పది లక్షలు దాటుతాయి. అన్నిటినీ వెతక్కుండా, ఒక్కో విరుపు దాకా వచ్చే దారుల్లో మేలైనదాన్నే ఉంచుకుంటూ వెళ్లారు. ఈ పద్ధతిని వివరించే వారి వ్యాసం 1981లో అచ్చయింది.

తెలుగుకు ఇంకో చిక్కుంది. 'స్త్రీ' మన కంటికి ఒకే అక్షరం, కంప్యూటర్లు లిపులకు వాడే యూనికోడ్ ప్రమాణంలో ఆరు సంకేతాలు. టెక్స్ట్‌ర్యాప్ సంకేతాలనే లెక్కపెడుతుంది కనుక తెలుగు వరుస చోటుండగానే తెగిపోతుంది. వరుసలో పట్టని పొడవాటి సమాసమైతే ఒత్తు ఒక చోట, హల్లు మరో చోట పడవచ్చు. సంధులతో మాటలు పెనవేసుకునే భాషకు ఇది చిన్న లోపం కాదు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 సంయుక్తాక్షరాన్ని విడదీయరాని ఒకే ముక్కగా గుర్తించే నియమం చేర్చింది. అది వర్తించే లిపుల్లో తెలుగూ ఉంది. వరుసలు విరిచే ప్రోగ్రాములు రాసేవారు ముందుగా పాటించాల్సిన నియమం అదే.