గౌతమీ బాలశ్రీ: రెండు శాసనాలలో ఒక రాజమాత జీవితం

నాసిక్ సమీపంలో ప్రాచీనులు త్రిరశ్మి అని పిలిచిన కొండపై, నేడు పాండవ గుహలుగా పేరొందిన బౌద్ధ లేణాల వరుసలో, అంటే భిక్షువుల నివాసానికై రాతిలో తొలిచిన విహారాలలో, మూడవ గుహ గోడలమీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెక్కిన రెండు శాసనాలు శాతవాహన వంశపు పెద్దదిక్కు గౌతమీ బాలశ్రీ సుదీర్ఘ జీవితంలోని రెండు దశలను మన ముందుంచుతున్నాయి.

మొదటిది ఆమె కుమారుడు గౌతమీపుత్ర శాతకర్ణి 24వ పాలనా సంవత్సరం నాటిది. కఖడి గ్రామం నిర్జనమై, అక్కడ భిక్షువులకు ఇచ్చిన పొలం బీడుపడినందున, దానికి బదులుగా పట్టణపు పొలిమేరలోని రాజక్షేత్రంలో 100 నివర్తనాలు, అంటే ఆనాటి కొలత ప్రకారం నూరు భాగాల భూమి ఇవ్వవలసిందని గోవర్ధనంలోని అమాత్యుడికి పంపిన ఆ ఆజ్ఞ రాజుతోపాటు రాజమాత తరఫున కూడా వెలువడింది. అందులో ఆమెకు వాడిన విశేషణం జీవసుత, అంటే కొడుకు బతికి ఉన్న తల్లి.

రెండవ శాసనం నాటికి ఆ కొడుకు లేడు. మనుమడు వాసిష్ఠీపుత్ర పుళుమావి 19వ పాలనా సంవత్సరంలో, గ్రీష్మ రెండవ పక్షం 13వ రోజున, ఆమె ఈ గుహను భద్రాయనీయ శాఖ భిక్షుసంఘానికి దానం చేసింది. సత్యం, దానం, క్షమ, అహింసలలో ఆనందించేదిగా, తపోనియమాలలో, ఉపవాసాలలో నిమగ్నమైనదిగా ఆమెను వర్ణించిన ఈ శాసనం, మూడు సముద్రాల నీరు తాగిన గుర్రాలు కలవాడని, శత్రురాజుల క్షహరాత వంశాన్ని నిర్మూలించినవాడని గౌతమీపుత్రుణ్ణి కీర్తిస్తూనే, తల్లికి చేసే శుశ్రూషలో లోటు రానివ్వనివాడని కూడా చెబుతుంది. గుహ చిత్రాలంకరణకై పుళుమావి ఒక గ్రామాన్ని ఇచ్చినది తన అయ్యకను, అంటే నాయనమ్మను సేవించి సంతోషపెట్టాలన్న కోరికతోనే. కొడుకు, మనుమల పాలనలను కలిపి నాలుగు దశాబ్దాలకు పైగా చూసిన స్త్రీకి దక్కిన కుటుంబ గౌరవం ఇది.

శాతవాహన సింహాసనం తండ్రి నుంచి కొడుకుకే సంక్రమించినా, గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని తల్లి గోత్రనామంతో రాజులను గుర్తించే ఆచారం ఆ వంశంలో స్థిరపడింది; అమరావతి స్తూపం వద్ద లభించిన పుళుమావి శాసనంలోనూ ఆ మాతృనామమే కనిపిస్తుంది.

బోధన్ పరిసరాలుగా గుర్తించిన అశ్మకంతో సహా గౌతమీపుత్రుడు ఏలిన దేశాల పట్టిక మనకు ప్రధానంగా నాసిక్‌లోని ఆ రెండవ శాసనం నుంచే తెలుస్తున్నది. అందువల్ల ఆ విజయాలను వర్ణించే ప్రతి తెలుగు పాఠ్యగ్రంథం, వాటిని శిలాక్షరాలలో నిలిపినది వృద్ధురాలైన ఆయన తల్లి దానమేనని కూడా విద్యార్థులకు చెప్పాలి.