యాస్నా గూరా: పటం చుట్టూ అల్లుకున్న చరిత్ర

పోలండ్ దక్షిణ భాగంలో వార్తా నది ఒడ్డునున్న చెంస్తొహోవా చాలాకాలం రెండు ఊళ్లుగా ఉండేది. నది పక్కన వర్తకులు, చేతిపనివారు కాపురముండే పాత పట్నం ఒకటి, దానికి పడమటగా సున్నపురాతి గుట్ట కింద యాత్రికుల రాకపోకల మీద బతికిన ఊరు మరొకటి. 1826లో ఈ రెంటినీ కలిపి ఒకే నగరం చేశారు. నడుమనున్న ఖాళీ నేల మీదుగా వేసిన వెడల్పాటి రాజవీధి మరియమాత పేరుతో నేటికీ నగరానికి నడివీధిగా నిలిచింది. 1711లో మహమ్మారి కాలపు మొక్కుగా మొదలైన వార్సా పాదయాత్ర ఆగస్టు నెలలో తొమ్మిది రోజులు నడిచి, ఈ వీధి గుండానే గుట్ట మీది మఠానికి చేరుతుంది. ఆ గుట్ట పేరు యాస్నా గూరా, అంటే వెలుగుకొండ.

ఒపోలే ప్రభువు వ్లాదిస్లావ్ 1382లో హంగరీ నుంచి పౌలిను సన్యాసులను, అంటే ఈజిప్టు ఎడారిలో ఏకాంతంగా తపస్సు చేసిన పునీత పౌలును ఆదర్శంగా పెట్టుకున్న సన్యాస సంఘంవారిని రప్పించి, ఈ గుట్టను వారికి దానమిచ్చాడు. మరో రెండేళ్లకు, నేటి ఉక్రెయిన్‌లోని బెల్జ్ కోట నుంచి మరియమాత పటం ఇక్కడికి చేరింది. చరిత్ర ఇంతటితో ఆగుతుంది గాని ఐతిహ్యం అంతకంటే చాలా వెనక్కి పోతుంది: పవిత్ర కుటుంబం భోజనం చేసిన బల్ల చెక్క మీద సువార్తికుడైన పునీత లూకా ఈ పటాన్ని చిత్రించాడనీ, కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తల్లి హెలెనా దానిని యెరూషలేములో కనుగొని కాన్‌స్టాంటినోపిల్‌కు తెచ్చిందనీ, బెల్జ్ కోటను ముట్టడించిన తాతారుల బాణం పటంలోని మరియమాత గొంతులో నాటుకున్నదనీ చెబుతారు. ప్రభువు పటాన్ని తన రాజధానికి తరలించబోగా గుర్రాలు ఈ గుట్ట దగ్గర అడుగు కదపలేదన్నది కథలోని చివరి ఘట్టం. విగ్రహం తానుండే చోటును తానే ఎంచుకున్నదనే స్థలపురాణాలు అన్ని దేశాల్లోనూ ఉన్నవే కనుక, ఈ ఘట్టాన్ని చరిత్రగా పట్టుకోనక్కరలేదు.

పటం మీది గాట్ల సంగతి వేరు. 1430 ఈస్టరు పండుగనాడు దోపిడీమూక ఒకటి మఠం మీద పడింది. చెక్ సంస్కర్త యాన్ హుస్ అనుచరులైన హుస్సైట్లే ఈ పని చేశారని జనం చెప్పుకుంటారు గాని, దోపిడీదారుల్లో పోలండ్ కులీనులు కూడా ఉన్నారని ఆ శతాబ్దపు చరిత్రకారుడు యాన్ ద్వుగోష్ రాశాడు. వారు పటం మీది బంగారాన్నీ రత్నాలనీ ఒలుచుకుని, చెక్కను పగలగొట్టి, ముఖాన్ని కత్తితో చీరారు. సన్యాసులు బురదలో పడిన పటాన్ని కడగడానికి నీరు లేక వెతుకుతుండగా నేలనుంచి ఊట ఉబికిందని చెప్పే చోట నేడు పునీత బార్బరా గుడి ఉంది. యాత్రికులు ఆ నీటిని సీసాల్లో పట్టుకుపోతారు. పటాన్ని బాగుచేయడానికి క్రాకోలోని రాజాస్థానానికి పంపగా, అక్కడి చిత్రకారులు పాత రంగులు నిలవకపోవడంతో వాటిని తొలగించి అదే చెక్కపై బొమ్మను మళ్లీ రాశారని చెబుతారు. కుడి చెంప మీద నిలువునా సాగే రెండు గాట్లను, వాటికి అడ్డంగా ఉన్న మరొకదానిని మాత్రం వారు కప్పిపుచ్చక, మొనదేలిన పనిముట్టుతో గీసి ఎరుపు పూశారు. ఎన్నిసార్లు రంగు వేసినా గాట్లు తిరిగి తేలాయని జనం చెప్పే మాట కంటే, గాయాన్ని గుర్తుగా నిలపాలని ఆ పనివారు తీసుకున్న నిర్ణయమే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

మఠానికి దేశవ్యాప్తంగా పేరు తెచ్చినది 1655 నాటి ముట్టడి. స్వీడన్ సేనలు పోలండ్‌లో అధిక భాగాన్ని ఆక్రమించుకున్నాక, సేనాని ముల్లర్ సుమారు 3 వేల మందితో నవంబరు 18న గుట్ట కిందికి వచ్చాడు. లోపల మఠాధిపతి ఔగుస్తిన్ కోర్దెత్స్కి వెంట 160 మంది సైనికులు, 70 మంది సన్యాసులు, కొద్దిమంది కులీనులు ఉన్నారు. చలికాలం ముదిరి, బురుజులు లొంగక, స్వీడన్ సేన డిసెంబరు 27 నాటికి తిరుగుముఖం పట్టింది. కోర్దెత్స్కి ఈ విజయాన్ని మరియమాత మహిమగా వర్ణిస్తూ 1658లో లాటిన్ గ్రంథం వెలువరించగా, 1886లో షెంకియేవిచ్ ‘పోతోప్’ నవలలో తన కథానాయకుడి చేత శత్రువుల పెద్ద ఫిరంగిని పేల్చివేయించి, ముట్టడిని ప్రతి పోలిష్ ఇంటికీ చేర్చాడు. గ్రంథంలోనూ నవలలోనూ వెనక్కి నెట్టబడిన సంగతులు రెండు ఉన్నాయి. స్వీడన్ రాజును ఏలికగా అంగీకరిస్తూ కోర్దెత్స్కి రాసిన లేఖ తరువాతి చరిత్రకారుల చేతికి చిక్కింది. కాలం గడుపుకోవడానికి వేసిన ఎత్తుగా దాన్ని చదవడమే సబబు. అసలు పటమైతే ముట్టడి మొదలు కాకముందే సైలీషియాకు తరలిపోయింది. మహిమ చూపిందని దేశం కొనియాడిన పటం ఆ నలభై రోజులూ కొండ మీద లేనే లేదు! 1656 ఏప్రిల్ 1న రాజు యాన్ కజిమీర్ మరియమాతను పోలండ్ రాణిగా ప్రకటించినది కూడా ఈ పటం ముందు కాదు, ల్వూఫ్ పట్టణంలోని వేరొక పటం ముందు. అయినా ఆ రాణి పదవి యాస్నా గూరాకే అంటుకుని, 1717లో పోపు పంపిన కిరీటాలతో స్థిరపడింది.

పటం లేని ముట్టడిలో కనిపించిన ఈ ఖాళీ కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలోనూ మరో రూపంలో ఎదురైంది. యాన్ కజిమీర్ ల్వూఫ్‌లో చేసిన ప్రమాణానికి 300 ఏళ్లు నిండిన సందర్భంగా 1956 ఆగస్టు 26న లక్షల మంది ఇక్కడ కొత్త ప్రమాణం చేసినప్పుడు, ఆ పాఠం రాసిన పోలండ్ చర్చి పెద్ద కార్డినల్ విషిన్స్కి ప్రభుత్వ నిర్బంధంలో ఉన్నందున, ఆయన ఆసనాన్ని ఖాళీగా వదిలి దానిపై పూలగుత్తి ఉంచారు. మరుసటి ఏడు పటానికి నకలు ఒకటి రాయించి ఊరూరా తిప్పసాగారు. 1966లో పోలీసులు ఆ నకలును దారిలో అడ్డగించి యాస్నా గూరాకు చేర్చి, బయటికి పోనివ్వకుండా మఠం నుంచి వెళ్లే వాహనాలను సోదా చేశారు. ఊరేగింపు ఆగలేదు, ఒట్టి చట్రమే ఊరి నుంచి ఊరికి సాగగా, జనం దానికే స్వాగతం పలికి మోకరిల్లారు. చట్రాన్ని కూడా అరెస్టు చేయడానికి ప్రభుత్వానికి తగిన చట్టం దొరకలేదు కాబోలు. 1972లో ఒక గురువు, ఇద్దరు కన్యాస్త్రీలు కాపలా కళ్లుగప్పి నకలును రాదోం పట్టణానికి చేర్చడంతో పటమే మళ్లీ ఊరేగింపులో సాగింది. ఆ మొదటి యాత్ర 1980లో యాస్నా గూరాలో ముగిసింది.